మితంగా తిన్నా ఎందుకు అరగదు?

ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో విమానస్థానం అనే భాగం ఉంది, అందులో రెండో అధ్యాయం తిండి పరిమాణం గురించి. కడుపును మూడు భాగాలుగా ఊహించుకుని ఒక భాగం గట్టి పదార్థాలకు, ఒకటి ద్రవాలకు కేటాయించాలని, మూడోది దోషాలు అని పిలిచే వాతపిత్తకఫాలు మసలడానికి వదిలేయాలని మొదట్లోనే చెబుతుంది. తక్కువ తింటే వచ్చే నష్టాలేమిటో, మితిమీరితే వచ్చేవేమిటో వివరిస్తుంది. ఇంత లెక్కా చెప్పాక, అదే అధ్యాయంలో ఒక శ్లోకం ఆ లెక్కనంతా పక్కకు నెట్టేస్తుంది.

మాత్రయాప్యభ్యవహృతం పథ్యం చాన్నం న జీర్యతి
చింతాశోకభయక్రోధదుఃఖశయ్యాప్రజాగరైః

ఒంటికి సరిపడే అన్నాన్ని సరైన మోతాదులో తిన్నా సరే, చింత, శోకం, భయం, కోపం, సుఖం లేని పడక, రాత్రి జాగరణ ఉంటే అది అరగదని దీని భావం.

ఆయుర్వేద ప్రసంగాల్లో, వాట్సాప్ సందేశాల్లో ఈ శ్లోకం బాగానే తిరుగుతోంది. చిక్కేమిటంటే, దాని వెనకాలే ఒక చూర్ణం పేరో ఒక సీసా బొమ్మో కూడా వస్తుంది. ఒత్తిడి వల్ల అజీర్తి, కనుక ఈ మందు వాడండి అన్నది వాటిని పంపేవాళ్ళ తర్కం. శ్లోకం చెబుతున్నది దాదాపు దీనికి విరుద్ధం. అన్నం మంచిదే, కొలత సరైనదే, అయినా అరగలేదంటే దోషం కంచంలో లేదు. కంచంలో లేని దోషాన్ని కంచం మార్చి, పైన ఇంకో మాత్ర వేసి సరిచేయలేం. ఒత్తిడికీ జీర్ణానికీ ఉన్న సంబంధం గురించి ఆయుర్వేద గ్రంథాలు నిజంగా ఏమన్నాయో, వాటిలో ఎంతవరకు నేటి వైద్యశాస్త్రం ఒప్పుకుంటుందో, ఎక్కడ ఒప్పుకోదో విడదీసి చూడడం అందుకే అవసరం.

ముందు అగ్ని సంగతి. ఆయుర్వేదం శరీరంలో పదమూడు అగ్నులను లెక్కిస్తుంది. కడుపులో జఠరాగ్ని ఒకటి, పంచభూతాలకు ఐదు, రక్తం, మాంసం వంటి సప్తధాతువులకు ఏడు. వీటన్నిటికీ మూలం జఠరాగ్ని. అది పనిచేసే తీరును చరకుడు చికిత్సాస్థానంలో గ్రహణీ అనే జీర్ణకోశ రోగం గురించిన అధ్యాయంలో వంటింటి భాషలోనే చెప్పాడు. కుండలో నీళ్ళు, బియ్యం పోసి కింద మంట పెడితే అన్నం ఉడికినట్టు కడుపులో ఆహారం పక్వమవుతుంది. ఆ మంటను, వాతంలో ఒక రకమైన సమానవాయువు విసురుతూ ఉంటుంది. విసిరే గాలి నిలకడగా ఉన్నంతసేపూ మంట సమంగా ఉంటుంది. గాలి చెదిరితే మంట ఒకసారి ఎగసిపడుతుంది, ఒకసారి ఆరిపోవస్తుంది. మనసుకూ కడుపుకూ మధ్య ఆయుర్వేదం వేసిన వంతెన ఈ గాలే.

అగ్నికి నాలుగు స్థితులు. సమంగా ఉంటే సమాగ్ని. వాతం చెదిరితే విషమాగ్ని: ఒకరోజు బాగా అరుగుతుంది, మర్నాడు అదే భోజనానికి కడుపు ఉబ్బుతుంది, పేగులు గుడగుడలాడతాయి, విరేచనం ఒకనాడు బిగుసుకుంటుంది, ఒకనాడు జారుతుంది. పిత్తం పెరిగితే తీక్ష్ణాగ్ని: తిన్నది ఇట్టే అరిగిపోయి మళ్ళీ ఆకలి, వెంట మంట, దాహం. కఫం పెరిగితే మందాగ్ని: కొంచెం తిన్నా బరువు, మత్తు, నోట్లో నీరూరడం. అరకొరగా పక్వమై మిగిలిపోయిన దాన్ని ఆమం అన్నారు. ఇప్పుడు చాలామంది దీన్ని విషపదార్థం అని చెబుతూ, దాన్ని బయటకు పంపే పానీయాలు అమ్ముతున్నారు. ప్రయోగశాలలో ఆమాన్ని కొలిచే పరీక్ష ఏదీ లేదు. రోగి చెప్పే లక్షణాలను ఒకచోట చేర్చి వైద్యుడు పెట్టుకున్న గుర్తుగా దాన్ని తీసుకుంటే పేచీ లేదు.

ఇక ఒత్తిడి. నేడు మనం రకరకాల బాధలన్నీ ఆ ఒక్క సంచిలో వేసేస్తున్నాం. గ్రంథాలు అలా చేయలేదు, ఏ ఉద్వేగం ఏ దోషాన్ని కదుపుతుందో విడివిడిగా చెప్పాయి. చరకుడు జ్వర చికిత్సలో కామం, శోకం, భయం వాయువును రేపుతాయని, కోపం పిత్తాన్ని రేపుతుందని సూత్రీకరించాడు. ఒకే కార్యాలయంలో, ఒకే గడువు కింద నలిగే ఇద్దరిని తీసుకోండి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని వణికే వ్యక్తికి కడుపు ఉబ్బరం, పదేపదే విరేచనం. కింది వాళ్ళమీద రోజంతా మండిపడే వ్యక్తికి ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు. ఇద్దరిదీ ఒత్తిడే అని ఒకే మందు ఇచ్చే వైద్యుణ్ణి సంహితలు మెచ్చవు. నాకు ఈ విభజన మొత్తం పద్ధతిలోకెల్లా పనికొచ్చే భాగంగా కనిపిస్తుంది. దోషాలను నమ్మని వాళ్ళు కూడా రోగిని 'ఏమిటి భయం, ఎవరిమీద కోపం' అని అడగడం నేర్చుకోవచ్చు.

దీన్ని పట్టించే ఉదాహరణ అతిసారం. చరకుడు అతిసారాన్ని ఆరు రకాలుగా విభజించాడు. వాతం, పిత్తం, కఫం, మూడూ కలిసినది అనే నాలుగూ మామూలు లెక్కే. మిగిలిన రెండూ భయజం, శోకజం. నేరుగా భయం వల్ల, నేరుగా దుఃఖం వల్ల వచ్చే విరేచనాలు. ఇంటర్ పరీక్షల పొద్దున మరుగుదొడ్డి తలుపు వదలని పిల్లలున్న ఇళ్ళలో ఈ వర్గీకరణకు వ్యాఖ్యానం అక్కర్లేదు. చికిత్స ఏమిటో చూడండి: వాతాన్ని శమింపజేసే ఉపచారాలు, వాటితోపాటు హర్షణం, ఆశ్వాసనం. అంటే మనసును సంతోషపెట్టడం, ధైర్యం చెప్పడం. అది ఏదో పెద్దమనిషి సలహాలా కాక, ఔషధాలతో సమానంగా చికిత్సా పంక్తిలోనే రాసి ఉంది. ఇవాళ ఆ పంక్తిలో సగం మాత్రమే దుకాణాల్లో దొరుకుతుంది, ఎందుకంటే రెండో సగాన్ని సీసాలో పోయలేం.

ఇదంతా ఆధునిక శరీరధర్మశాస్త్రంలో ఎలా కనిపిస్తుంది? అమెరికాలోని మాకినాక్ దీవిలో 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గుండు తగిలి పొట్టకు రంధ్రం పడింది, గాయం మానినా ఆ రంధ్రం పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ కిటికీలోంచి ఏళ్ళ తరబడి జీర్ణక్రియను చూస్తూ 1833లో తన పరిశీలనలను అచ్చు వేశాడు. భయం, కోపం వంటివి కలిగినప్పుడు కడుపు లోపలి పొర ఒక్కోసారి ఎర్రబడి ఎండినట్టూ, ఒక్కోసారి పాలిపోయి తడిగానూ మారుతుందని అందులో ఉంది. తర్వాత 1890ల చివర్లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్-రేతో పిల్లుల కడుపు కదలికలు చూస్తుండగా, పిల్లి బెదిరితే చాలు కడుపు కదలికలు ఆగిపోవడం గమనించాడు. ఆపదలో పోరాటమో పరుగో అనే సిద్ధాంతాన్ని ఆయన తర్వాత దీనిమీదే నిర్మించాడు. ప్రాణాపాయం ఎదురైనప్పుడు రక్తం కండరాలకు కావాలి, అన్నం అరగడం తర్వాత చూసుకోవచ్చు.

అయితే జీర్ణమార్గం అంతా ఒకేసారి ఆగదు. ఒత్తిడిలో మెదడు విడుదల చేసే రసాయన సంకేతాలు పైన జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, కింద పెద్దపేగును పరుగు పెట్టిస్తాయి. అందుకే ఒకే మనిషికి ఒకే గంటలో పైన ముద్ద దిగదు, కింద ఆగదు. ఒక చోట మందగించడం, ఇంకో చోట వేగిరపడడం అన్న ఈ ఎగుడుదిగుడు విషమాగ్ని వర్ణనకు బాగా దగ్గరగా ఉంది. గ్రహణీ రోగంలో విరేచనం ఒకప్పుడు గట్టిగా, ఒకప్పుడు నీరుగా అవుతుందన్న వర్ణన చదివితే, నేటి వైద్యులు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగు వ్యాధే గుర్తొస్తుంది. అక్కడితో ఆగడం మంచిది. వాతం అంటే మెదడునూ లోపలి అవయవాలనూ కలిపే వేగస్ నాడే, అగ్ని అంటే ఎంజైములే అని సమీకరణాలు రాసే ఉత్సాహం చాలామందిలో కనిపిస్తుంది. పరిశీలన పదునైనది కావడం వేరు, దానికి చెప్పిన కారణం రుజువు కావడం వేరు. ఆ వైద్యులు రోగులను చూశారు, నాడులను కోసి చూడలేదు.

మనసు కడుపును కదిపినట్టే కడుపు మనసును కదుపుతుంది కూడా. శరీరం మనసును అనుసరిస్తుంది, మనసు శరీరాన్ని అనుసరిస్తుంది అని చరకుడు శారీరస్థానంలో అన్నాడు. వేగస్ నాడిలోని పోగుల్లో అధిక భాగం, సుమారు 80 శాతం, మెదడు నుంచి కిందికి ఆజ్ఞలు మోసేవి కావు; లోపలి అవయవాల నుంచి మెదడుకు కబుర్లు చేరవేసేవి. పేగుల గోడల్లోనే కోట్లాది నాడీకణాల అల్లిక ఉంది. ఐబీఎస్ వంటి జబ్బులకు ప్రమాణాలు నిర్ణయించే రోమ్ నిపుణుల బృందం 2016 నుంచి వాటిని పేగుకూ మెదడుకూ మధ్య పొందిక చెడిన జబ్బులుగానే పరిగణిస్తోంది. 'పరీక్షల్లో ఏమీ లేదు, అంతా మీ మనసులోనే ఉంది' అని రోగిని పంపేసే పాత అలవాటుకు ఇప్పుడు శాస్త్రం అండ లేదు.

ఇక సంహితలను చేతిలో పట్టుకుని నడవకూడని చోట్లు కూడా చెప్పాలి.

ఒకటి, కడుపులో పుండు. ఒత్తిడి వల్లే అల్సర్ వస్తుందని ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ భాగం ఆధునిక వైద్యులే నమ్మారు. ఎలుకలను రకరకాలుగా బాధిస్తే కడుపులో పుండ్లు పడ్డాయని హాన్స్ సెల్యే 1936లో రాసినప్పటి నుంచి ఆ నమ్మకం ఇంకా బలపడింది. ఆస్ట్రేలియాలో 1980లలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. పుండ్లలో అత్యధికం దానివల్ల, లేదా నొప్పి మాత్రల వల్ల వస్తాయని తేలింది, వాళ్ళకు 2005లో నోబెల్ వచ్చింది. ఆ సూక్ష్మజీవి ఉన్న మనిషికి ధ్యానం నేర్పితే మనసు కుదుటపడవచ్చు గానీ పుండు మానదు, దానికి యాంటీబయాటిక్ కావాలి. మంట అనగానే ఆమ్లపిత్తం, అంటే ఎసిడిటీ, అని నిర్ణయించి నెలల తరబడి చూర్ణాలు వాడడం ప్రమాదం. అన్నట్టు, అందరి నోటా వినిపించే ఈ ఆమ్లపిత్తానికి చరకంలో ప్రత్యేక అధ్యాయమే లేదు, కాశ్యప సంహితలో, మాధవ నిదానంలో అది వేరే రోగంగా కనిపిస్తుంది.

రెండోది ఆయుర్వేద ప్రసంగీకులు ఎందుకో ఎత్తని విషయం. ఒత్తిడికీ లావుకూ ఉన్న సంబంధంలో చరకుడు చెప్పినది నేటి అవగాహనకు ఎదురు తిరుగుతుంది. సూత్రస్థానంలో స్థూలకాయానికి చెప్పిన కారణాల్లో వ్యాయామం లేకపోవడం, పగటి నిద్రతోపాటు ఎప్పుడూ సంతోషంగా ఉండడం, చింత లేకపోవడం కూడా ఉన్నాయి. లావు తగ్గదలచినవాడు జాగరణను, వ్యాయామాన్ని, ఆలోచనలను క్రమంగా పెంచుకోవాలని చికిత్స! దిగులు మనిషిని ఆర్చేస్తుంది అన్నది ఆ కాలపు అనుభవం, తిండి అంత సులువుగా దొరకని సమాజంలో అది నిజమే అయి ఉంటుంది. రాత్రి పదకొండుకు ఫోను నొక్కితే బిర్యానీ గుమ్మంలోకి వచ్చే నగరంలో దిగులు ఇంకో దారి పడుతుంది. దీర్ఘకాలం సాగే ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, తీపి, కొవ్వు పదార్థాల మీదకు మనసు పోతుంది, నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. లావు తగ్గడానికి జాగారం చేయమని ఈనాడు ఏ వైద్యుడూ చెప్పకూడదు. గ్రంథాన్ని గౌరవించడమంటే అందులోని ప్రతి వాక్యాన్నీ ఈ కాలానికి అతికించడం కాదు కదా.

మళ్ళీ బలమైన చోటుకు వద్దాం. సూత్రస్థానం ఏడో అధ్యాయంలో వేగాల గురించి రెండు జాబితాలున్నాయి. ఆపకూడనివి పదమూడు: మూత్రం, మలం, అపానవాయువు, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు వగైరా. ఆపవలసినవి ఇంకో జాబితా: లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలు, కటువైన మాట, హింస. మన దినచర్య ఈ రెంటినీ తలకిందులు చేసింది. ట్రాఫిక్‌లో గంటన్నర మూత్రం బిగబడతాం, సమావేశం ముగిసేదాకా ఆకలి ఆపుకుంటాం, నిద్రను తెరమీద వెలుతురుతో వెళ్ళగొడతాం. ఆపుకోవలసిన కోపాన్ని మాత్రం ముందు కారు మీద, ఇంట్లోవాళ్ళ మీద ధారాళంగా వదిలేస్తాం.

ఆ మొదటి జాబితాలో కన్నీరు ఉండడం గమనించదగ్గది. ఏడుపు దిగమింగితే వచ్చే వాటిలో జలుబు, కంటి జబ్బులు, హృద్రోగం, తల తిరగడంతోపాటు అరుచి కూడా ఉంది, అంటే తిండి సహించకపోవడం. విరుగుడుగా నిద్ర, మద్యం, ఇష్టమైన కబుర్లు అని రాశారు. మద్యం సలహాను ఆ కాలానికే వదిలేద్దాం. నిద్ర, కబుర్లు రెండూ ఇప్పటికీ చెల్లుతాయి.

తినే పద్ధతి గురించి విమానస్థానం మొదటి అధ్యాయంలోని నియమాలు చదివితే ఇవి ఒత్తిడి చికిత్సేనా అనిపిస్తాయి. వేడిగా, కాస్త జిడ్డు తగిలేలా, ముందు తిన్నది అరిగాకే, నచ్చిన చోట కూర్చుని, మరీ తొందరా మరీ సాగదీతా లేకుండా, మాట్లాడకుండా, నవ్వకుండా, మనసు పెట్టి తినాలి. నవ్వకుండా తినడం మన పెళ్ళి పంక్తుల్లో కుదిరే పని కాదు, కుదరనక్కర్లేదు కూడా అని నా అభిప్రాయం. కానీ మనసు పెట్టి అన్న ఒక్క నియమం తీసుకుని ఫోనును పక్క గదిలో పెట్టి రెండు పూటలు తిని చూడండి. నములుడు పెరుగుతుంది, మింగే గాలి తగ్గుతుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సమయం దొరుకుతుంది. ఉబ్బరంతో బాధపడేవాళ్ళలో చాలామందికి ఇంతమాత్రమే తేడా చూపిస్తుంది.

మనసు అల్లకల్లోలంగా ఉన్న పూట ఏం చేయాలి? బలవంతంగా పూర్తి భోజనం ఎక్కించడం మాత్రం కాదు. తేలికగా అరిగేవి చాలు: పలచటి జావ, చారన్నం, పెసరకట్టు, అల్లం, జీలకర్ర వేసిన మజ్జిగ. గ్రహణీ దోషంలో మజ్జిగ శ్రేష్ఠమని చరకుడు ప్రత్యేకంగా చెప్పాడు, ఆకలి పుట్టిస్తుంది, విరేచనాన్ని కట్టుబరుస్తుంది, తేలిక. పాలలోని చక్కెర పడనివాళ్ళకు మజ్జిగ పాలకంటే నయం, ఎందుకంటే తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత తినేస్తాయి. మనింట్లో ఇంగువ, వాము, జీలకర్ర ఎలాగూ ఉంటాయి, వంటలో వాడినంత వాడితే హాని లేదు.

రాత్రి ఉద్యోగాలది వేరే కథ. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు, కాపలాదారులు జాగరణను మానుకోలేరు. శ్లోకంలోని చివరి మాట వాళ్ళకు శాపంలా వినిపించవచ్చు. దీనికి అష్టాంగహృదయం అనే మరో ఆయుర్వేద గ్రంథంలో ఒక ఆచరణీయమైన సూచన ఉంది: అలవాటు లేని జాగరణ చేస్తే, మేలుకున్న సమయంలో సగం సేపు మర్నాడు ఉదయం ఏమీ తినకుండా పడుకోవాలి. డ్యూటీ దిగి ఇంటికి రాగానే నాలుగు ఇడ్లీలు, రెండు దోసెలు లాగించి పడుకునే అలవాటుకు ఇది సరిగ్గా ఎదురు. భోజనం చేసిన వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి ఎగదన్నుతుందని ఇప్పటి వైద్యులూ చెబుతారు. అర్ధరాత్రి శరీర గడియారం నిద్రవేళ చూపిస్తుంటే తిన్న భోజనం తర్వాత రక్తంలో చక్కెర పగటికంటే ఎక్కువ పెరుగుతుందనీ తెలుసు. కనుక పెద్ద భోజనం డ్యూటీకి వెళ్ళే ముందు, రాత్రి తేలికపాటిది, పొద్దున నిద్ర తర్వాత ఫలహారం. ఇన్సులిన్ గానీ మధుమేహం మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా ఈ మార్పు చేయకూడదు.

మనసుకు నేరుగా చేసే చికిత్సను చరకుడు సత్త్వావజయం అన్నాడు, చెరుపు చేసే విషయాల నుంచి మనసును మళ్ళించడం. దీని పద్ధతి ఏమిటో గ్రంథంలో విస్తరించి లేదు. ఆ పనిని కొలతలతో చేసి చూపింది ఇటీవలి వైద్యం. మొండి ఐబీఎస్ ఉన్న 30 మంది మీద పీటర్ వోర్వెల్ బృందం మాంచెస్టర్‌లో హిప్నోథెరపీ ప్రయోగించి, ఫలితాలను 1984లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. కడుపు మీద దృష్టి నిలిపే ఆ పద్ధతి, మామూలు మాటల చికిత్స కంటే ఎంతో మేలు చేసింది. ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్స కూడా ఇప్పుడు ఐబీఎస్ మార్గదర్శకాల్లో ఉంది. ఊళ్ళో ఆయుర్వేద వైద్యుడికీ మానసిక నిపుణుడికీ మధ్య రోగిని పంచుకునే అలవాటు ఏర్పడితే బాగుండేది. ప్రస్తుతానికి ఒకరి పేరు ఒకరి దగ్గర ఎత్తడానికే రోగులు జంకుతున్నారు.

ఒత్తిడి తగ్గించే మూలికలంటూ అమ్మే వాటి విషయంలో జాగ్రత్త. అశ్వగంధ కొందరిలో నిద్రను కొంత మెరుగుపరిచినట్టు, ఆందోళనను కొంత తగ్గించినట్టు చిన్న పరీక్షల్లో కనిపించింది. అదే అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, గర్భిణులకు కూడదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. కడుపు మంటకు వాడే అతిమధురం ఎక్కువ రోజులు తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మొక్క కనుక హాని లేదన్నది ఏ సంహితలోనూ లేదు, గన్నేరూ మొక్కే.

చివరిగా, టెన్షన్ అని సరిపెట్టుకోకూడని గుర్తులు. మలంలో రక్తం లేదా తారులా నల్లటి విరేచనం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, ఇంట్లో దగ్గరివాళ్ళకు పేగు క్యాన్సర్ ఉండడం, యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు జీర్ణకోశ వైద్యుణ్ణి కలిసి అవసరమైన పరీక్షలు చేయించుకోవాలి, మజ్జిగా ధ్యానమూ ఆ తర్వాత. ఛాతీలో మంట ఎడమ చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే అది అజీర్తి అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి.